గ్రాముల లెక్క, గ్రేల లెక్క

వ్యోమనౌకలో రేడియేషన్‌ను కొలిచే పరికరం ఉండాలా వద్దా అన్నది పెద్ద ఉపగ్రహాల విషయంలో ఎప్పుడో తేలిపోయిన ప్రశ్న. చిన్న ఉపగ్రహాల దగ్గరికొచ్చేసరికి అది మళ్లీ మొదటికొచ్చింది. పది సెంటీమీటర్ల ఘనంలో కెమెరా, రేడియో, బ్యాటరీ ఇరికించాల్సి వచ్చినప్పుడు, ఫొటో తీయని, కబురు పంపని ఒక కొలత పరికరానికి చోటెందుకు అని అడగడంలో తప్పు లేదు. ఆ ప్రశ్నను పూర్తి బలంతో వినిపించాలనే దీన్ని సంవాదంగా రాస్తున్నాను. ఇందులో మావయ్య ఉపగ్రహాల బరువు లెక్కలు చూసి రిటైరైన ఇంజినీరు, సూళ్లూరుపేటలో ఉంటారు. శారద ఆయన మేనకోడలు, హైదరాబాద్‌లో చిన్న ఉపగ్రహాలకు ఎలక్ట్రానిక్ బోర్డులు తయారుచేస్తుంది. ఇద్దరూ కల్పిత వ్యక్తులు. వాళ్లు ఉదాహరించే ప్రయోగాలు మాత్రం నిజంగా జరిగినవి. నా మొగ్గు శారద వైపే. అయితే మావయ్య పెట్టే షరతులు ఒప్పుకోకపోతే ఆమె మాట నిలబడదని కూడా నా నమ్మకం.

మావయ్య: డ్రాయింగు చూశానమ్మా. పవర్ బోర్డు పక్కన డోసు మీటరుకి చోటు వదిలావు. అది తీసెయ్.

శారద: తీసెయ్యమంటే సరే గానీ, కారణం చెప్పండి మావయ్యా.

మావయ్య: మీ ఉపగ్రహం పైకి వెళ్లేది పొలాల ఫొటోలు తియ్యడానికి. ఫొటో తీసేది ఒకటి, దాన్ని కిందికి పంపేది ఒకటి, వాటికి కరెంటు ఇచ్చేది ఒకటి, ఉపగ్రహాన్ని ఇటూ అటూ తిప్పేది ఒకటి. ఇంతకు మించి ఏది పెట్టినా ఈ నాలుగింట్లో ఒకదాని నోటి దగ్గర కూడు లాక్కున్నట్టే. పది సెంటీమీటర్ల క్యూబ్‌శాట్ యూనిట్‌కి చాలాకాలం ఉన్న హద్దు 1.33 కిలోలు. చంద్రయాన్-1లో పోయిన బల్గేరియా వాళ్ల రేడియేషన్ పరికరం ఎంతో చిన్నదని అందరూ మెచ్చుకున్నారు గదా, అది 160 గ్రాములు. ఒక యూనిట్ ఉపగ్రహంలో అది దాదాపు ఎనిమిదో వంతు! నా సర్వీసంతా గ్రాములు తగ్గించడంలోనే గడిచింది. ఇంత బరువు కావాలని అడిగితే అదేం పని చేస్తుందని అడుగుతాను.

శారద: చేస్తుంది. పైన ఏం పడుతోందో చెబుతుంది.

మావయ్య: అది చెప్పడానికి నమూనాలున్నాయి. నాసా వాళ్ల ఏపీ-8, ఏఈ-8 దశాబ్దాలుగా వాడుతున్నాం, వాటి తర్వాత ఏపీ-9 వచ్చింది. నీ కక్ష్య ఎత్తు, వంపు ఇస్తే ఇన్ని మిల్లీమీటర్ల అల్యూమినియం వెనక ఏడాదికి ఇంత డోసు అని లెక్క వస్తుంది. దాన్ని రెట్టింపు చేసుకుని, దానికి తట్టుకునే చిప్పులు ఎంచుకుంటావు. మెమరీలో బిట్టు తిరగబడితే సరిదిద్దే కోడ్ పెడతావు. చిప్పు లాచప్ అయి కరెంటు ఎక్కువ లాగితే వెంటనే ఆపి మళ్లీ ఆన్ చేసే సర్క్యూట్ పెడతావు. సౌర తుపాను వస్తోందా అంటే అమెరికా గోస్ ఉపగ్రహాల లెక్కలు ఎవరైనా చూసుకోవచ్చు. ఇన్ని ఉండగా నువ్వు కొత్తగా కొలిచి ఏం మారుస్తావు? పైకి పోయిన చిప్పును మార్చలేవు, గోడ మందం పెంచలేవు.

శారద: ఆ నమూనాలు దేన్నుంచి పుట్టాయి మావయ్యా? 1960, 70లలో ఎగిరిన ఉపగ్రహాల్లో పెట్టిన కౌంటర్ల నుంచే గదా. దక్షిణ అట్లాంటిక్ మీద అయస్కాంత క్షేత్రం బలహీనంగా ఉండి ప్రోటాన్లు కిందికి దిగే ప్రాంతం ఉంది. అది ఏడాదికి డిగ్రీలో మూడో వంతు చొప్పున పడమరకి జరుగుతోంది. ఏపీ-8 గీసిన చోట అది ఇప్పుడు లేదు. హబుల్ టెలిస్కోపు ఆ ప్రాంతం మీదుగా పోయేటప్పుడు పరిశీలనలు ఆపేస్తారు. ఎక్కడ ఆపాలో చెప్పే పటం ఎవరో ఒకరు కొలుస్తూ ఉంటేనే నిలుస్తుంది.

మావయ్య: కొలిచేవాళ్లు కొలవనీ. పెద్ద సంస్థలున్నాయి, వాళ్లకు కిలోలు మిగులుతాయి. నీకు మిగలవు. పైగా చిన్న కౌంటరు చెప్పిందల్లా నిజమని ఎలా నమ్ముతావు? మొట్టమొదటి కౌంటరే ఎంత పొరపాటు పడేలా చేసిందో నీకు తెలుసు.

శారద: ఎక్స్‌ప్లోరర్-1 సంగతా?

మావయ్య: అదే. 1958 జనవరి 31న అమెరికా మొదటి ఉపగ్రహం ఎగిరింది. బరువు 14 కిలోలు. అయోవా విశ్వవిద్యాలయంలో జేమ్స్ వాన్ ఆలెన్ బృందం అందులో ఒకే ఒక్క గైగర్ గొట్టం పెట్టింది. కింద ఉన్నప్పుడు అది సెకనుకి అనుకున్నట్టే ముప్పై దాకా లెక్కపెట్టింది. ఎత్తుకు పోయేసరికి సున్నా! పైన ఏమీ లేదని దాని లెక్క. నిజానికి అక్కడ ఉన్నంత రేడియేషన్ ఇంకెక్కడా లేదు. జాతరలో గేటు దగ్గర టికెట్లు చింపేవాడి మీద ఒక్కసారిగా జనం విరుచుకుపడితే ఒక్క టికెట్టూ చింపలేడు. సాయంత్రం డబ్బాలో చూస్తే ఖాళీగా ఉంటుంది. గైగర్ గొట్టం అలాగే ఉక్కిరిబిక్కిరైంది. ఒక కణాన్ని లెక్కపెట్టి తేరుకునేలోపే పదులకొద్దీ కణాలు వచ్చి పడితే అది అసలు తేరుకోదు, పల్సే ఇవ్వదు.

శారద: ఆ తప్పును పట్టుకున్నదీ ఇంకో చిన్న కౌంటరే గదా. మార్చిలో ఎక్స్‌ప్లోరర్-3 వెళ్లింది. అందులో టేప్ రికార్డరు ఉంది కాబట్టి కక్ష్య మొత్తం లెక్క ఒక్కసారి దిగింది. అంకె పెరగడం, పెరిగి పెరిగి సున్నాకి పడిపోవడం, మళ్లీ పైకి లేవడం కాగితం మీద కనిపించింది. కార్ల్ మెక్‌ఇల్వెయిన్ అలాంటి గొట్టాన్నే ప్రయోగశాలలో ఎక్స్‌రేల ముందు పెట్టి చూశాడు. కిరణాలు తీవ్రంగా ఉంటే అది సున్నా చూపించింది. అలా బయటపడ్డవే వాన్ ఆలెన్ వలయాలు. అంతరిక్ష యుగంలో మొదటి పెద్ద ఆవిష్కరణ ఒక చిన్న కౌంటరుతో జరిగింది. మీరు దాన్ని దానికే వ్యతిరేకంగా వాడుతున్నారు.

మావయ్య: వ్యతిరేకంగా కాదు. ఆ గొట్టాన్ని కింద ఎక్స్‌రేల ముందు పెట్టి చూసిన మనిషి లేకపోతే ఆ సున్నాకి అర్థం ఎవరికీ దొరికేది కాదు. నువ్వు కొనే చిప్పును అలా ఎవరు పెట్టి చూశారు? ఆ మాట గుర్తుంచుకో, మళ్లీ అడుగుతాను.

శారద: సరే, మీరే ఎత్తారు గనక 160 గ్రాముల దాని దగ్గరికే వద్దాం. రాడోమ్. దాని గుండె ఒక సిలికాన్ రేకు. వైశాల్యం రెండు చదరపు సెంటీమీటర్లు, మందం 0.3 మిల్లీమీటర్లు. అంటే గోరంత. లెక్కవేస్తే ఆ సిలికాన్ బరువు గ్రాములో ఏడో వంతు కూడా రాదు. దాని గుండా ఒక కణం పోతే కొంత శక్తి వదిలి పోతుంది, ఆ శక్తికి తగ్గ ఎత్తున ఒక విద్యుత్ పల్సు పుడుతుంది. ఎలక్ట్రానిక్స్ ఆ పల్సు ఎత్తు చూసి 256 గదుల్లో ఏదో ఒక దాంట్లో వేస్తుంది. కొన్ని సెకన్లకోసారి గదుల్లో ఉన్నదంతా కూడి, వచ్చిన శక్తిని సిలికాన్ బరువుతో భాగిస్తే డోసు. కిలోకి ఒక జూల్ అయితే ఒక గ్రే. ఇంత సాదా పరికరం.

మావయ్య: సాదాగా ఉండటం మంచిదే. అది ఏం తెచ్చింది?

శారద: 2008 అక్టోబరు 22న మీ శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ ఎగిరిన రెండు గంటలకల్లా దాన్ని ఆన్ చేశారు. మిగతా పరికరాలు చంద్రుడి కోసం ఎదురుచూస్తుంటే అది దారి పొడుగునా కొలిచింది. పీఎస్‌ఎల్‌వీ నేరుగా చంద్రుడి దాకా విసరలేదు. అందుకే కక్ష్యను విడతలు విడతలుగా సాగదీశారు. ప్రతి చుట్టుకీ వ్యోమనౌక వలయాల్ని దాటింది. చంద్రుడి కక్ష్యలో చేరింది నవంబరు 8న. ఆ ప్రయాణంలో రాడోమ్ మీద పడిన మొత్తం డోసు సుమారు 1.3 గ్రే. చంద్రుడి చుట్టూ 100 కిలోమీటర్ల ఎత్తులో తిరిగేటప్పుడు గంటకి పడింది దాదాపు తొమ్మిదిన్నర మైక్రోగ్రే. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడండి. పదిహేడు రోజుల దారిలో పడినంత డోసు చంద్రుడి కక్ష్యలో పడాలంటే పదిహేనేళ్లు దాటాలి!

మావయ్య: అది బాగుంది. కానీ వలయాల్లో ఎక్కువ ఉంటుందని నమూనా కూడా చెబుతుంది.

శారద: ఎక్కువ అని చెబుతుంది. ఆ వారం, ఆ నౌకలో, ఆ గోడ వెనక ఎంత అన్నది చెప్పదు. ఇంకోటి వినండి. 2009 మేలో కక్ష్యను 200 కిలోమీటర్లకి పెంచారు. రాడోమ్ అంకె గంటకి 10.7 మైక్రోగ్రే దగ్గరికి పెరిగింది. ఎందుకంటే 100 కిలోమీటర్ల ఎత్తులో చంద్రుడే చుట్టూ ఉన్న ఆకాశంలో దాదాపు మూడో వంతు మూసేస్తాడు, అటు నుంచి విశ్వకిరణాలు రావు. పైకి పోతే ఆ అడ్డు తగ్గింది. గోరంత సిలికాన్ రేకు ఆ తేడాను పట్టింది. రేపు మనుషులు చంద్రుడి చుట్టూ తిరిగేటప్పుడు ఈ అంకె పనికొస్తుందా లేదా?

మావయ్య: మనుషుల విషయంలో నీతో గొడవ లేదు. క్యూరియాసిటీ రోవరు 2011 చివర్లో బయల్దేరి కుజుడికి చేరేదాకా అందులోని రాడ్ పరికరం కొలిచింది గదా, రోజుకి 1.84 మిల్లీసీవర్టులు. భూమ్మీద సగటు మనిషికి ఏడాది మొత్తానికి పడేది 2.4. అంత దూరం మనిషిని పంపేవాడు మీటరు లేకుండా పంపితే నేరం. 1972లో అపోలో-16 ఏప్రిల్‌లో తిరిగొచ్చింది, అపోలో-17 డిసెంబరులో వెళ్లింది. మధ్యలో ఆగస్టులో వచ్చిన సౌర తుపాను ఎంతటిదో అందరికీ తెలుసు. అప్పుడు చంద్రుడి మీద ఎవరూ లేకపోవడం మన అదృష్టం. మన వాదన పొలాల ఫొటోలు తీసే డబ్బా గురించి. దాని మీదే మాట్లాడు.

శారద: మాట్లాడతాను. దానికి ముందు మనుషుల కోసం కట్టిన నౌక గురించే ఒక్క మాట. 2022 నవంబరులో ఆర్టెమిస్-1లో మనుషులు లేరు, మీటర్లు మాత్రం నౌకంతా ఉన్నాయి. ప్రోటాన్ వలయం దాటేటప్పుడు ఆ ఒక్క క్యాబిన్లోనే బాగా అడ్డున్న చోటుకీ, అడ్డు లేని చోటుకీ నాలుగు రెట్ల తేడా వచ్చింది. ఒక సమయంలో నౌక తొంభై డిగ్రీలు తిరిగితే డోసు రేటు సగానికి పడిపోయింది. నాలుగు రెట్ల తేడా ఉన్నచోట మీ రెట్టింపు మార్జిన్ ఏం కాపాడుతుంది? నా డబ్బాలోనూ అంతే. బ్యాటరీ వెనకున్న చిప్పు వేరు, సోలార్ ప్యానెల్ కిందున్న చిప్పు వేరు.

మావయ్య: ఆ తేడాలు కంప్యూటర్లో లెక్క కట్టొచ్చు.

శారద: కట్టాలి. కట్టినవాళ్లకి కూడా అది సరిపోయిందో లేదో చెప్పేది మీటరే.

మావయ్య: అయితే మీటరు ఉండి కూడా పనికిరాని రోజు గురించి నేను చెబుతాను విను. మన చంద్రశేఖర్ పేరు పెట్టుకున్న చంద్ర ఎక్స్‌రే అబ్జర్వేటరీ 1999 జులైలో వెళ్లింది. దాని కక్ష్య పొడవాటిది, ప్రతిసారీ వలయాల గుండా దిగుతుంది. అందులో ఎఫిన్ అనే కణ పరికరం ఉంది. రేడియేషన్ పెరిగితే పరికరాలను సురక్షితం చెయ్యడానికే దాన్ని పెట్టారు. కొద్ది వారాల్లోనే కెమెరా సీసీడీలు దెబ్బతిన్నాయి. కారణం ఏమిటో చూస్తే, లక్ష ఎలక్ట్రాన్ వోల్టుల చుట్టుపక్కల శక్తి ఉన్న బలహీనమైన ప్రోటాన్లు. ఎక్స్‌రేలను పట్టే అద్దాలే వాటినీ మళ్లించి తెచ్చి సరిగ్గా సీసీడీల మీద పోశాయి. ఎఫిన్ అంతకంటే చాలా ఎక్కువ శక్తి ఉన్న ప్రోటాన్లనే చూడగలదు. చంపుతున్నది దాని కంటికి ఆనలేదు. చివరికి ఏం చేశారు? వలయాలు దాటేటప్పుడు కెమెరాను అద్దాల ఎదుట నుంచి పక్కకి జరపడం మొదలుపెట్టారు. ఆ నాజూకు ప్రోటాన్ల కబురు కోసం పదిహేను లక్షల కిలోమీటర్ల దూరాన ఉన్న ఏస్ ఉపగ్రహం లెక్కలు చూశారు. ఒంటి మీదున్న మీటరు చెప్పలేనిది ఊరవతల మీటరు చెప్పింది.

శారద: ఇది బలమైన మాట. ఒప్పుకుంటున్నాను.

మావయ్య: ఇంకోటి. మార్స్ ఒడిస్సీలో మేరీ అనే పరికరం. కుజుడి కక్ష్యలో వ్యోమగాములకు ఎంత డోసు పడుతుందో కొలవడానికే పంపింది. 2003 అక్టోబరు 28న, ఆ భారీ సౌర తుపానులో, అదే ఆగిపోయింది. మళ్లీ లేవలేదు. అందరికంటే ముందు పడిపోయేవాణ్ణా కాపలాకి పెట్టేది?

శారద: అది ఆగిపోవడానికి ముందు దాదాపు ఏడాదిన్నర కొలిచింది మావయ్యా. కుజుడి కక్ష్యలో అంతరిక్ష కేంద్రంలో కంటే రెండు మూడు రెట్లు డోసు ఉంటుందని తేల్చింది. అది మొదటి కొలత.

మావయ్య: మంచిదే. ఇంటెగ్రల్ చూడు. ఐరోపా వాళ్ల గామా టెలిస్కోపు. అందులో మానిటరు కూడా మంచిదే, వలయాల్లోకి దిగేటప్పుడు పరికరాలు ఆపమని తనే చెప్పేది. అయినా 2021 సెప్టెంబరు 22న ఒక్క కణం వల్ల రియాక్షన్ వీలు ఆగిపోయి, నౌక తిరగడం మొదలుపెట్టింది. బ్యాటరీ గంటల్లో అయిపోయేది. కిందున్న ఇంజినీర్లు కిందామీదా పడి నిలబెట్టారు. మానిటరు ఏం చేసింది?

శారద: ఏమీ చెయ్యలేదు. చెయ్యగలిగేదీ కాదు. ఒంటరిగా వచ్చి కొట్టే కణాన్ని ఏ మీటరూ ముందుగా చెప్పలేదు. మీటరు పెడితే ఉపగ్రహం బతుకుతుందని నేను అనడం లేదు మావయ్యా. ఆ మాట ఎవరైనా అంటే మీరు తీసెయ్యమనడమే న్యాయం.

మావయ్య: మరి ఎందుకు?

శారద: చిన్న ఉపగ్రహాలు చాలా పోతాయి. కొన్ని మొదటి రోజే పలకవు, కొన్ని ఏడాది తర్వాత మూగపోతాయి. అప్పుడు మీటింగులో కూర్చుంటాం. ఒకరు రేడియేషన్ అంటారు, ఒకరు సాఫ్ట్‌వేరు అంటారు, ఒకరు బ్యాటరీ అంటారు. రేడియేషన్ అంటే ఎవరి తప్పూ లేనట్టే గనక ఫైలు అక్కడ మూసేస్తారు. తర్వాతి ఉపగ్రహంలో అదే రెగ్యులేటరు, అదే పొరపాటు. నాకు కోపం వచ్చేది అక్కడే.

మావయ్య: దానికి డోసు మీటరెందుకు? రీసెట్ అయిన టైము టెలిమెట్రీలో ఉంటుంది. ఆ టైముకి ఉపగ్రహం ఎక్కడుందో కక్ష్య చెబుతుంది. రీసెట్లన్నీ దక్షిణ అట్లాంటిక్ మీద గుంపుగా పడితే రేడియేషన్, అన్ని చోట్లా చెదిరిపోయి ఉంటే నీ సాఫ్ట్‌వేరు. ఒక్క గ్రాము ఖర్చు లేదు.

శారద: రీసెట్లకి అది సరిపోతుంది, నేనూ అలాగే చేస్తాను. నిదానంగా చచ్చేవాటి సంగతి? వోల్టేజీ రెగ్యులేటరు నెలనెలా కొంచెం కొంచెం ఎక్కువ కరెంటు తాగుతుంది. కింద గామా కిరణాలు చిమ్మే కోబాల్ట్-60 ముందు పెట్టినప్పుడు గంటల్లో పోసిన డోసు, పైన ఏళ్ల తరబడి చుక్కచుక్కగా పడుతుంది. కొన్ని బైపోలార్ చిప్పులు నిదానంగా పడ్డ డోసుకే ఎక్కువ పాడవుతాయి. పైన నిజంగా ఎంత పడింది, ఆ రోజుకి కరెంటు ఎంత పెరిగింది అన్న రెండు గీతలు పక్కపక్కన ఉంటే తప్ప, నా చిప్పు తట్టుకోగల హద్దు దాటి చచ్చిందా, హద్దుకి ముందే చచ్చిందా చెప్పలేను. మాది ధ్రువాల మీదుగా పోయే కక్ష్య. అక్కడ భూమి అయస్కాంతం అడ్డు పల్చన. సౌర తుపానులో ఏం దిగిందో ముప్పై ఆరు వేల కిలోమీటర్ల ఎత్తులో కూర్చున్న గోస్ నా గోడ వెనక చూసి చెప్పదు.

మావయ్య: దీనికి 160 గ్రాములు కావాలా?

శారద: అక్కర్లేదు. 2001 అక్టోబరు 22న శ్రీహరికోట నుంచే ఐరోపా ప్రోబా-1 వెళ్లింది. 94 కిలోల ఉపగ్రహంలో వాళ్ల స్రెమ్ మానిటరు రెండున్నర కిలోల పైచిలుకు. సరిగ్గా ఏడేళ్లకి అదే తేదీన, అదే తీరం నుంచి, 160 గ్రాముల రాడోమ్.

మావయ్య: రెంటినీ పోల్చకు. స్రెమ్‌లో మూడు డిటెక్టర్లు, వాటి ముందు వేరువేరు అడ్డుగోడలు. ఎలక్ట్రాన్ ఏది, ప్రోటాన్ ఏది అన్న తేడా కొంతైనా తెలుస్తుంది. రాడోమ్‌కి ఒక్కటే రేకు. బరువు తగ్గించినప్పుడల్లా ఏదో ఒక జవాబు కూడా తగ్గుతుంది. నేను అంత బరువు లెక్క చూసింది ఊరికే కాదు.

శారద: టైమ్‌పిక్స్ వచ్చాక ఆ బాధ చాలా తగ్గింది. సెర్న్ నుంచి వచ్చిన చిప్పు అది. ఒక్కో వైపు పధ్నాలుగు మిల్లీమీటర్లు, అందులో 256 అడ్డం, 256 నిలువు పిక్సెళ్లు. కణం పోయిన దారి బొమ్మగా పడుతుంది. ఎలక్ట్రాన్ అయితే వానపాము పోయినట్టు సన్నగా వంకరటింకరగా ఉంటుంది. బరువైన అయాన్ అయితే లావుపాటి తిన్నని గీత, దాని పక్కన నూగులాంటి పోగులు. బొమ్మ చూసి ఏది వచ్చిందో చెప్పొచ్చు. 2012లో అంతరిక్ష కేంద్రంలో ల్యాప్‌టాప్‌లకి యూఎస్‌బీతో తగిలించి వాడటం మొదలుపెట్టారు. 2017 జూన్ 23న పీఎస్‌ఎల్‌వీ-సీ38 మీద చెక్ వాళ్ల రెండు యూనిట్ల క్యూబ్‌శాట్ వీజెడ్‌ఎల్‌యూశాట్-1 అదే చిప్పుతో పైకి పోయింది.

మావయ్య: కరెంటు, డేటా?

శారద: ఎక్కువే, అందుకే నేను అది అడగడం లేదు. నా డ్రాయింగులో ఉన్నది రాడ్‌ఫెట్. కొన్ని మిల్లీమీటర్ల చిప్పు. అదొక మాస్‌ఫెట్ ట్రాన్సిస్టరే. గేటు కింద ఆక్సైడు పొర ఉంటుంది గదా, రేడియేషన్ పడితే అందులో ఎలక్ట్రాన్లు, వాటి ఖాళీలు పుడతాయి. ఎలక్ట్రాన్లు చప్పున జారిపోతాయి, ఖాళీలు పొరలోనే చిక్కుకుంటాయి. ఆ ధనావేశం పోగయ్యేకొద్దీ ట్రాన్సిస్టరు తెరుచుకోవాల్సిన వోల్టేజీ జరుగుతుంది. ఎంత జరిగిందో అదే డోసు. రోజుకోసారి చదివితే చాలు. ఉపగ్రహం కొన్నాళ్లు నిద్రపోయినా లోపల లెక్క పోగవుతూనే ఉంటుంది.

మావయ్య: ఇప్పుడు నా పాత ప్రశ్న. ఆ వోల్టేజీ ఎండకి, నీడకి కూడా మారుతుంది. మీ ఉపగ్రహం గంటన్నరకోసారి ఎండలోంచి చీకట్లోకి పోతుంది. ఏది డోసు, ఏది వేడి?

శారద: పక్కనే ఉష్ణోగ్రత సెన్సర్ ఉంది. వేడికి వోల్టేజీ దాదాపు మారకుండా ఉండే కరెంటు విలువ ఒకటి ఉంటుంది, ఆ కరెంటు దగ్గరే చదువుతాను.

మావయ్య: ఆ విలువ డోసు పడేకొద్దీ తనే జరుగుతుంది. చిక్కుకున్న ఖాళీలు కొన్ని కాలం గడిచేకొద్దీ విడిపోతాయి, నీ లెక్క తగ్గుతుంది. రాడ్‌ఫెట్‌కి కరెంటు ఇచ్చి ఉంచినప్పుడు ఒక స్పందన, ఇవ్వనప్పుడు వేరే స్పందన. ఇవన్నీ కింద కొలవకుండా పంపితే, నీ దగ్గర ఒక అంకె ఉంటుంది, దాని అర్థం ఉండదు. అంకె లేనివాడు జాగ్రత్తగా ఉంటాడు. తప్పుడు అంకె ఉన్నవాడు ధీమాగా ఉంటాడు, అదే ప్రమాదం.

శారద: ఏం చెయ్యమంటారు?

మావయ్య: పైకి పోయే చిప్పుతో పాటు అదే బ్యాచ్‌లోవి కొన్ని కొను. కోబాల్ట్-60 ముందు పెట్టు, తొందరపడకుండా, పైన పడే రేటుకి వీలైనంత దగ్గరగా. వేడిలో ఒకటి, చలిలో ఒకటి. ఆపాక వారాల తరబడి పెట్టి ఎంత తగ్గుతుందో చూడు. నీ రెగ్యులేటర్లనూ అదే పెట్టెలో పక్కనే పెట్టు. ఒంటరి కణాల దెబ్బకి నీ మెమరీ ఎలా ఉంటుందో తెలియాలంటే కోబాల్ట్ చాలదు, బరువైన అయాన్లు కావాలి. ఢిల్లీలో ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్ ఉంది, అడిగి టైము తీసుకో.

శారద: దానికి ఆరు నెలలు పడుతుంది.

మావయ్య: పట్టనీ. గ్రాములు నేను ఇస్తాను, నెలలు నువ్వు ఇవ్వాలి. రెండోది, మీటరును ఖాళీ దొరికిన మూలలో పెట్టొద్దు. ఏది చస్తే ఉపగ్రహం చస్తుందో దాని పక్కన, అదే మందం వెనక పెట్టు. వీలైతే ఇంకోటి గోడకి దగ్గరగా పెట్టు. రెంటి తేడా నీ గోడ ఎంత ఆపిందో చెబుతుంది.

శారద: హైదరాబాద్ కంపెనీ టేక్‌మీటుస్పేస్ వాళ్లు 2024 జనవరి 1న పీఎస్‌ఎల్‌వీ-సీ58 పైన మిగిలిన పోయెమ్-3 వేదిక మీద ఇలాంటి ప్రశ్నతోనే ఒక మాడ్యూల్ పంపారు. టాంటలం పూత రేడియేషన్‌ను ఎంతవరకు అడ్డుకుంటుందో చూడటం దాని పని.

మావయ్య: మంచి ప్రశ్న. ఆ వేదికను 350 కిలోమీటర్లకి దించారు గదా, అక్కడ పడేది తక్కువ. అయినా మొదలుపెట్టాల్సింది అక్కడే, ఇంట్లో ఎవరూ నేర్చుకోలేరు. మూడో షరతు చెబుతాను, ఇది అన్నిటికంటే ముఖ్యం. డేటా మీ కంపెనీ సర్వర్లో దాచుకుంటానంటే ఆ చోటు కెమెరాకే ఇచ్చెయ్. మీ ఒక్క ఉపగ్రహం కోసమైతే అది అదనపు బరువే, నా మాట మారదు. పదిమంది పది కక్ష్యల నుంచి, క్యాలిబ్రేషన్ కాగితంతో సహా, గోడ మందంతో సహా బయటపెడితే అప్పుడు అది బరువు కాదు.

శారద: పోటీ కంపెనీ మా గోడ మందం చూస్తుందని మావాళ్లు ఒప్పుకోరు.

మావయ్య: బల్గేరియా వాళ్లు ఒప్పుకున్నారు, అందుకే నువ్వు ఇందాక 1.3 గ్రే అని అంకె చెప్పగలిగావు. మీవాళ్లను ఒప్పించు. ఒప్పించలేకపోతే ఆ విషయం నాకు చెప్పు, నేనొచ్చి మాట్లాడతాను.

వాళ్ల మాటలు ఇంకా సాగుతాయి గానీ, అడగాల్సింది అక్కడికి వచ్చేసింది. మన కాలేజీల్లో, చిన్న కంపెనీల్లో ఉపగ్రహాలు కడుతున్న వాళ్లకు నా విన్నపం ఇది. తర్వాతి బోర్డులో ఒక రాడ్‌ఫెట్‌కీ, దాని పక్కన ఒక ఉష్ణోగ్రత సెన్సర్‌కీ చోటు వదలండి. పంపేముందు అదే బ్యాచ్ చిప్పుల్ని కోబాల్ట్ ముందు పెట్టి చూడండి. ఉపగ్రహం బతికినా పోయినా, వచ్చిన అంకెల్ని గోడ మందంతో సహా అందరికీ కనిపించేచోట పెట్టండి.